పాత రేసు కార్లను గుర్తుపట్టడం – 4వ పాఠం: ఈ జీటీఓ కింద ఏ కారుంది?

ముందు గత పాఠం లెక్క తేల్చేద్దాం. అల్ఫా రోమియో జూలియా స్ప్రింట్ జీటీ, 1965లో వచ్చిన దాని రేసు రూపం జీటీఏ, ఈ రెండింటి పక్క ఫొటోలు తీసుకుని వీల్‌బేస్ (ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి ఉన్న దూరం) కొలిచి చూడమన్నాను. రెండింటికీ 2350 మిల్లీమీటర్లే వచ్చి ఉంటుంది. రావాలి కూడా. జీటీఏ అంటే అదే కారుకి పైన ఉక్కు రేకు తీసేసి అల్యూమినియం రేకు వేసినదే కదా. కాబట్టి మామూలు జీటీని జీటీఏగా చూపించే నకళ్ల దగ్గర టేపు పనిచేయదు, అయస్కాంతం పనిచేస్తుంది.

ఈసారి ఇటలీ రేసు కారు ఫెరారీ 250 జీటీఓ. ఇక్కడ టేపు కొంత దూరం పనిచేస్తుంది, తర్వాత అదీ చేతులెత్తేస్తుంది.

1962 నుంచి 1964 దాకా మూడు లీటర్ల ఇంజిన్‌తో తయారైన జీటీఓలు 36. వాటిలో ఒకటి 2018లో అమెరికాలో జరిగిన వేలంలో 4.84 కోట్ల డాలర్లకు పోయింది. సరుకు ఇంత తక్కువ, ధర ఇంత ఎక్కువ ఉన్నచోట నకళ్లు పుట్టకుండా ఎలా ఉంటాయి? ఎక్కడైనా జీటీఓ ఆకారం కంటపడితే అది నకలేమో అన్న అనుమానంతోనే మొదలుపెట్టండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు: ముక్కు మీద ఇంగ్లిష్ డి అక్షరం ఆకారంలో మూడు రంధ్రాలున్నాయా, ముందు చక్రం వెనక ఏటవాలు చీలికలున్నాయా, తోక పైకి లేచి ఉందా అని వెతుకుతారు. ఇవన్నీ మీకు తెలిసినట్టే నకలు చేసేవాడికీ తెలుసు. అతను మొట్టమొదట పెట్టేవి అవే. ఫెరారీ గుర్తైన గుర్రం బొమ్మ సంగతి చెప్పనే అక్కర్లేదు, డబ్బు పడేస్తే ఎవరికైనా దొరుకుతుంది. అతను మార్చలేనిది, మార్చాలంటే బాగా ఖర్చయ్యేది, కింద ఉన్న కారు. మన ప్రశ్న ఎప్పుడూ దాని మీదే.

జీటీఓ నకళ్ల కింద ఎక్కువగా కనిపించే కార్లు రెండు. మొదటిది డాట్సన్ 240జెడ్. ముక్కు పొడుగు, తోక పొట్టి, ధర తక్కువ. అందుకే 1980ల అమెరికాలో దీనికి ఫైబర్‌గ్లాస్ ముక్కు, తోక తగిలించి జీటీఓ అనిపించారు. చాలావాటిలో పైకప్పు, ముందు అద్దం, తలుపులు డాట్సన్‌వే ఉండిపోయాయి. అసలు జీటీఓ వీల్‌బేస్ 2400 మి.మీ., డాట్సన్‌ది 2305. తొమ్మిదిన్నర సెంటీమీటర్ల తేడా కంటికి ఆనదు గానీ లెక్కకి దొరుకుతుంది.

ఆ లెక్క ఇలా వేయండి. కారుని సరిగ్గా పక్క నుంచి, కాస్త దూరం నుంచి తీసిన ఫొటో ఎంచుకోండి. చక్రం రిమ్ ఎత్తు, వెడల్పు సమానంగా కనబడకపోతే ఫొటో వంకరగా తీసినట్టే, పక్కన పడేయండి. రిమ్ అంచు నుంచి అంచుకి స్కేలు పెట్టి కొలవండి. తర్వాత ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకి కొలిచి, రెండోదాన్ని మొదటిదానితో భాగించండి. జీటీఓ రిమ్ 15 అంగుళాలది. టైరుని పట్టి ఉంచే అంచు కూడా కలిపితే దాదాపు 41.5 సెం.మీ. అంటే అసలు కారుకి 5.8 దగ్గర రావాలి. అవే 15 అంగుళాల రిమ్ములు వేసిన డాట్సన్‌కి 5.55 వస్తుంది.

ఇందులో ఒక ఉచ్చు ఉంది. డాట్సన్ ఫ్యాక్టరీ నుంచి వచ్చింది 14 అంగుళాల రిమ్ములతో. నకలు చేసినవాడు వాటినే ఉంచితే, రిమ్ చిన్నదైనందుకు మీ జవాబు 5.9కి ఎక్కి కూర్చుంటుంది. అసలు కారే అనిపించే అంకె అది! అందుకని టైరు మీది అంకెల్లో 14 ఉందో 15 ఉందో చదివాకే లెక్కకి దిగండి. కారు ఎదురుగా ఉంటే ఈ తంటా అంతా ఎందుకు? యజమానిని అడిగి, చిన్న అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి పైకప్పుకి ఆనించండి. అంటుకుంటే అది ఉక్కు, అంటే డాట్సన్ కప్పు. జీటీఓ పైన మొత్తం అల్యూమినియం. బోనెట్ ఎత్తారంటే ఇక అనుమానమే ఉండదు, పన్నెండు సిలిండర్లు ఉండాల్సినచోట చాలావాటిలో ఆరే ఉంటాయి.

రెండోదాని దగ్గర అసలు కష్టం మొదలవుతుంది. అది ఫెరారీదే, 250 జీటీఈ. వెనక సీట్లున్న కుటుంబం కారు, 950 దాకా తయారైంది. ఇంజిన్ జీటీఓలో ఉన్న కొలంబో వీ12 (కొలంబో అనే ఇంజినీరు గీసిన పన్నెండు సిలిండర్ల ఇంజిన్) కుటుంబానిదే, సామర్థ్యం కూడా అంతే, 2953 సీసీ. వీల్‌బేస్ మాత్రం 2600. పనితనం ఉన్నవాళ్లు చాసిస్‌ని, అంటే బాడీ కింది ఫ్రేముని, 200 మి.మీ. కోసి అతికి, పైన అల్యూమినియం రేకుని చేత్తో కొట్టి బాడీ దించుతారు. ఇప్పుడు మీ టేపు 2400 అనే చెబుతుంది. అయస్కాంతం ఎక్కడా అంటుకోదు. ఇంజిన్ శబ్దమూ నిజమైన ఫెరారీదే. చాసిస్ నంబరు చివర జీటీ అనే అక్షరాలు చూసి కూడా పొంగిపోవద్దు. జీటీఈకీ, జీటీఓకీ రెండింటికీ బేసి అంకెలూ, వెనక జీటీ ఉంటాయి. నంబరు చూపించారంటే ఆ 36 నంబర్ల జాబితాలో ఉందో లేదో చూడాలి.

మరి దేన్ని పట్టుకోవాలి? ఆయిల్‌ని. జీటీఓది డ్రై సంప్ పద్ధతి, ఆయిల్ విడిగా ఒక ట్యాంకులో ఉంటుంది. ఇంజిన్ కింద లోతైన తొట్టి అవసరం లేదు గనక ఇంజిన్‌ని కిందికి దించారు, దానితో బోనెట్ అంత పల్చగా వచ్చింది. జీటీఈలో ఆయిల్ ఇంజిన్ కింద తొట్టిలోనే. కాబట్టి బోనెట్ ఎత్తినప్పుడు మెరిసే ఆరు వెబర్ కార్బొరేటర్లని (పెట్రోలునీ గాలినీ కలిపి ఇంజిన్‌కి పంపేవి) చూసి ఆగిపోకండి. జీటీఈకి మూడే ఉండేవి, ఆరు కొనుక్కోవచ్చు. ఆయిల్ ట్యాంకు, దానికి వెళ్లే లావుపాటి గొట్టాలు ఉన్నాయా అని వెతకండి. తర్వాత గేర్లు: జీటీఓకి ఐదు, జీటీఈకి నాలుగు, వాటికి తోడు ఓవర్‌డ్రైవ్ (వేగంగా వెళ్లేటప్పుడు ఇంజిన్ తిరిగే వేగాన్ని తగ్గించే అదనపు గేరు). డాష్‌బోర్డ్ కూడా చూడండి. జీటీఓలో స్పీడోమీటరే లేదు, రేసులో దానితో పనేముంది? రోడ్డు మీద తిప్పుకోవడానికి చేసిన నకళ్లలో అది ఉండటం మామూలే.

నాకు అన్నింటికంటే ఇష్టమైన పరీక్ష వేరే ఉంది. ఇటలీలోని మోడెనాలో స్కాలియెట్టి అనే బాడీల వర్క్‌షాపు పనివాళ్లు ఈ బాడీలని అచ్చుల్లో పోయలేదు, రేకుని చేత్తో కొట్టి, కంటితో సరిచూసుకుంటూ మలిచారు. అందుకే ఎడమా కుడీ సరిగ్గా ఒకటిగా ఉండవు, ఒక కారుకీ ఇంకో కారుకీ కూడా తేడాలుంటాయి. రెండు వైపులా మిల్లీమీటరు తేడా లేకుండా అద్దంలో బింబంలా ఉందంటే అచ్చులో తీసినదేమో అనుకోండి. ఇదొక్కటే పట్టుకుని తీర్పు చెప్పేయకండి, ఇప్పటికీ చేత్తో కొట్టేవాళ్లున్నారు.

జీటీఈలని ఇలా కోయడం నాకు నచ్చదు. ఒకప్పుడు వాటికి ధర లేదు, కోశారు. ఇప్పుడవే అపురూపం అయ్యాయి, కోసినదాన్ని వెనక్కి తేలేం. డాట్సన్ నకళ్ల మీద నాకంత కోపం లేదు, ఏమీ దాచకుండా నకలనే చెప్పి అమ్మినంత కాలం. ఫెరారీ కంపెనీ మాత్రం ఊరుకోలేదు. 2019లో బొలోన్యా కోర్టు జీటీఓ ఆకారాన్ని కళాఖండంగా గుర్తించి, మోడెనాలోని ఒక సంస్థ చేయబోయిన నకలుని ఆపింది.

అభ్యాసం: నకళ్లని ముందే చెప్పి అమ్ముతున్న మూడు జీటీఓల పక్క ఫొటోలు సంపాదించి, ఒక్కోదానికీ నిష్పత్తి కట్టండి. టైరు సైజు పక్కనే రాయండి. కింద ఏ కారుందో మీరు ఊహించిన తర్వాతే అమ్మకందారు రాసిన వివరాలు చదవండి. అమెరికా, ఇంగ్లండ్‌లలో ఉన్నవాళ్లకి పాత కార్ల ప్రదర్శనల్లో నేరుగా చూసే వీలుంటుంది. అయస్కాంతం పెట్టేముందు అడగడం మరిచిపోకండి.

5వ పాఠంలో లాన్చియా స్ట్రాటోస్. వీల్‌బేస్ 2180 మి.మీ. మాత్రమే. దాని నకళ్లలో చాలావాటికి చాసిస్‌ని కొత్తగా, అచ్చం దాని కోసమే కట్టారు. కింద ఏ కారుంది అనే మన ప్రశ్న అక్కడ చెల్లదు, అక్కడ ఇంజిన్ దగ్గర మొదలుపెడతాం.