సకినాల పెట్టెకు బిల్లు ఎంత బరువుకు పడుతుంది? అమెరికా పార్శిల్ కట్టే ముందు వేసుకోవాల్సిన లెక్క

సంక్రాంతి దగ్గర పడిందంటే నల్గొండ గడియారం సెంటర్ దగ్గర మా కొరియర్ కౌంటర్‌లో ఒకటే ప్రశ్న. "ఇంట్ల కాంటా పెట్టే తెచ్చినం గదా, ఆరు కిలోలే ఉండె. తొమ్మిదిన్నరకు బిల్లు ఎట్ల వేస్తున్నవ్ బిడ్డా?" అని పెద్దమ్మలు అడుగుతారు. అడగాల్సిందే. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న పిల్లలకు పంపే పెట్టె అది, కిలోకు వందల రూపాయలు పోతాయి. అందుకే ఆ లెక్క ఇక్కడ విప్పి చెబుతున్నాను. ఒక టేపు, ఫోన్‌లో క్యాలిక్యులేటర్ ఉంటే ఇంట్లోనే వేసుకోవచ్చు.

విమానంలో బరువుకే కాదు, చోటుకూ ఖరీదు ఉంటుంది. అందుకని కొరియర్ వాళ్లు రెండు బరువులు చూస్తారు. కాంటా చూపించేది ఒకటి, పెట్టె సైజును బట్టి కట్టేది ఇంకొకటి. ఈ రెండోదే వాల్యుమెట్రిక్ వెయిట్. రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే బిల్లు.

పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి, 5000తో భాగించండి. వచ్చేది కిలోలు. పైన చెప్పిన పెద్దమ్మ పెట్టె 45×35×30 అనుకుందాం. గుణిస్తే 47,250. 5000తో భాగిస్తే 9.45. ఎక్స్‌ప్రెస్ కొరియర్లలో మామూలుగా పై అర కిలోకు సర్దుతారు కాబట్టి 9.5. లోపల ఉన్నవి సకినాలు, గరిజెలు. చూడ్డానికి పెట్టె నిండా ఉంటాయి, తూకానికి రావు.

టేపులో అంగుళాలే చూస్తే 5000తో భాగించకండి, 305తో భాగించండి. 18×14×12 అంగుళాల కార్టన్ అయితే 3,024. భాగిస్తే 9.9, అంటే 10 కిలోలు. భాగించే అంకె కూడా బుకింగ్‌కు ముందే అడగాలి. డీహెచ్ఎల్, ఫెడెక్స్ లాంటి ఎక్స్‌ప్రెస్ కొరియర్లు 5000 వాడతాయి, ఎయిర్ కార్గోలో సాధారణంగా 6000. అదే పెద్దమ్మ పెట్టె 6000 లెక్కన 7.9 కిలోలే అవుతుంది.

లెక్క గుర్తుండాలంటే ఇంట్లో ఉండే 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్‌ను తలుచుకోండి. అందులో పట్టే నీళ్లంత చోటుకు కొరియర్ లెక్కలో బరువు 4 కిలోలు. అంటే ఒక కిలో సరుకు 5 లీటర్ల కన్నా ఎక్కువ చోటు తీసుకుంటే సైజుకు కడతారు, తక్కువ తీసుకుంటే కాంటాకు కడతారు. మామిడికాయ తొక్కు, పల్లీల పొడి, కారం కాంటా వైపు. సకినాలు, మురుకులు సైజు వైపు. పోచంపల్లి, పుట్టపాక చీరలు మడతపెట్టి ఒకదాని మీద ఒకటి పేరిస్తే కాంటా వైపే ఉంటాయి. ఒక్కో చీరను దాని అట్టడబ్బాతో సహా పెట్టారో, సైజు వైపు జరుగుతాయి. డబ్బాలు తీసేసి పంపండి.

అందరికీ నేను గట్టిగా చెప్పేది ఒకటుంది. బరువు సరుకును, తేలిక సరుకును వేర్వేరు పార్శిళ్లుగా పంపకండి. తొక్కు పెట్టె 40×25×20, కాంటా మీద 8 కిలోలు, సైజుకు 4. బిల్లు 8కి. సకినాల పెట్టె 50×35×20, కాంటా మీద 3, సైజుకు 7. బిల్లు 7కి. మొత్తం 15 కిలోలు. రెండూ కలిపి 50×40×28 పెట్టెలో సర్దితే కాంటా 11 దాటి కొంచెం, సైజుకు 11.2. బిల్లు 11.5కి. మూడున్నర కిలోల డబ్బు మిగిలినట్టే. ఇంధన సర్‌చార్జి కూడా ధర మీద శాతంగానే పడుతుంది కాబట్టి అదీ తగ్గుతుంది. తొక్కు మాత్రం నూనె కారకుండా రెండు మూడు కవర్లలో సీల్ చేసి అడుగున పెట్టాలి. పైన ఒక అట్ట వేసి, దాని మీద సకినాలు.

సకినాలను గుండ్రటి స్టీలు డబ్బాల్లో పెట్టకండి. గుండ్రటి డబ్బాలు నాలుగు పలకల పెట్టెలో ఎట్ల పేర్చినా మూలల్లో చోటు మిగులుతుంది. పక్కపక్కనే వరసగా పెడితే పెట్టెలో ఐదో వంతు ఖాళీయే. సకినాలనే ఒకదాని మీద ఒకటి దొంతరగా పేర్చి, కదలకుండా ప్లాస్టిక్ కవరుతో బిగించి చుట్టి, నిలువుగా దించండి. దొంతరల మధ్య సందుల్లో థర్మాకోల్ బదులు పొడుల ప్యాకెట్లు, తువ్వాళ్లు కూరితే విరగవు, ఆ చోటూ పనికొస్తుంది. దుప్పట్లు పెడితే గాలి తీసే కవరులో వేసి అణచండి.

పెట్టె నిండకపోతే కోసి చిన్నది చేయించండి. నాలుగు మూలలూ నిలువుగా చీల్చి అంచులు లోపలికి మడిస్తే సరిపోతుంది. మా దగ్గర అడిగితే చేసి ఇస్తాం. పెద్దమ్మ సరుకు సర్ది నింపితే 40×30×26 పెట్టెలో పట్టింది. అది 6.24, అంటే ఆరున్నర కిలోలు.

టేపు వేసి మూసేశాకే కొలవండి, అదీ బయటి వైపు, ఎక్కడ ఎక్కువ ఉబ్బి ఉంటే అక్కడ. ఈ 40×30×26 పెట్టే బలవంతంగా కూరితే 41×31×28కి ఉబ్బుతుంది. అప్పుడు 7.1, బిల్లు ఏడున్నరకు. ఒక కిలో తేడా! పక్కలు ఉబ్బితే ఒక ప్యాకెట్ తీసేయడమే మంచిది.

కౌంటర్‌లో కొలిచాక హబ్‌లో, అంటే పార్శిళ్లన్నీ చేరే కొరియర్ కేంద్రంలో, మళ్లీ కొలుస్తారు. తేడా వస్తే బిల్లు మారుతుంది. అందుకని మూడు కొలతలూ, కాంటా బరువూ రసీదు మీద రాయించుకోండి. టేపు ఆనించి మూడు వైపులా ఫోటో తీసుకోండి, అంకెలు కనిపించాలి. తర్వాత ఎక్కువ కట్టమని ఫోన్ వస్తే ఆ ఫోటోలే పంపి అడగొచ్చు.