ఆవిరి ఇంజన్ బాగుచేద్దాం – 6వ పాఠం: పానా వేసే ముందు

ఈసారి గ్లాండ్ ప్యాకింగ్, అంటే కదిలే రాడ్డు చుట్టూ ఆవిరి కారకుండా కూరే కూరుడు, చెబుతానని మాటిచ్చాను. అది వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను. పోయిన పాఠం చదివి స్టీమ్ చెస్ట్ (సిలిండరుకు ఆవిరి అందించే పెట్టె) మూత విప్పడానికి కూర్చున్న వాళ్ళలో సగం మంది ఇబ్బంది పడ్డారు. మన షెడ్డులో ఉన్న ఇంజన్ మీదే ఆరు నట్లు గుండ్రంగా అరిగిపోయాయి, ఒక స్టడ్డు (తల లేకుండా రెండు కొసలా మరలున్న బోల్టు) విరిగింది, స్టడ్డు దిగే ఒక రంధ్రం పాడైంది. పాలకొల్లు, సామర్లకోట నుంచి రాసిన వాళ్ళు ఇళ్ళ దగ్గర పాత మిల్లు ఇంజన్ల మీద సాధన చేస్తున్నారు. వాళ్ళకీ ఇదే జరిగింది. 5వ పాఠంలో నేను "నట్లు విప్పి ట్రేలో వరసగా పెట్టండి" అని ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్ళిపోయాను. నలభై ఏళ్ళు అదే పనిలో ఉన్నవాడికి అది ఒక్క వాక్యమే. కొత్తగా పానా పట్టినవాళ్ళకి అదొక పూర్తి పాఠం. ఆ తప్పు నాది కాబట్టి ఈ పాఠమంతా ఆ ఒక్క వాక్యానికే.

ముందు ఒక హెచ్చరిక. ఇక్కడ చెప్పేదంతా సిలిండరు, స్టీమ్ చెస్ట్, బ్రేకు రాడ్లు, రన్నింగ్ బోర్డు వంటి వాటి గురించి. బాయిలర్ ఒంటికి నేరుగా బిగించిన స్టడ్డు జోలికి ఎవరూ వెళ్ళొద్దు. అది బాయిలర్ ఇన్‌స్పెక్టర్ చూసి, రాసిచ్చిన తర్వాత చేసే పని.

నట్లు ఎందుకు అరిగాయో చూద్దాం. మన ఇంజన్ బ్రిటన్‌లో తయారైంది. దాని నట్లన్నీ విట్‌వర్త్ కొలతవి. జోసెఫ్ విట్‌వర్త్ అనే ఇంజినీరు 1841లో ఈ కొలతల పద్ధతిని ప్రతిపాదించాడు. అంతకు ముందు ఏ కార్ఖానా బోల్టు ఆ కార్ఖానాదే, ఒకరి నట్టు ఇంకొకరి బోల్టుకు ఎక్కేది కాదు. మన దేశంలో మెట్రిక్ కొలతలకు చట్టం వచ్చింది 1956లో. అంటే అంతకు ముందు మన డెల్టాలోకి దిగిన యంత్రాలు, మిల్లుల్లోని రస్టన్, పెట్టర్ అనే బ్రిటిష్ కంపెనీల పాత ఆయిల్ ఇంజన్లతో సహా, చాలా వరకు ఈ కొలతవే. మీ తాతగారి రైసుమిల్లులో మూలన పడున్న ఇంజన్ దగ్గరకు వెళ్ళినా ఈ పాఠం పనికొస్తుంది.

విట్‌వర్త్ పానా మీద ఉండే అంకె పానా నోటి వెడల్పు కాదు. బోల్టు లావు. 1/2 అని ఉంటే అది అర అంగుళం బోల్టుకు వేసే నట్టు కోసమని అర్థం. ఆ నట్టు ఎదురెదురు చదరాల (చదునైన వైపుల) మధ్య దూరం 0.920 అంగుళం, అంటే 23.4 మిల్లీమీటర్లు. మన వాళ్ళు చేసిందేమిటంటే 23 పానా వేసి చూశారు, ఎక్కలేదు. 24 వేశారు, ఎక్కింది. ఎక్కింది కదా అని తిప్పారు. ఆ 24 పానాకీ నట్టుకీ మధ్య అర మిల్లీమీటరు పైనే ఖాళీ. మామూలు నట్టయితే ఆ ఖాళీతో కూడా ఊడొస్తుంది. డెబ్భై ఏళ్ళు సముద్రపు గాలికి తుప్పు పట్టిన నట్టు రాదు. పానా దాని మూలల్ని కోసుకుంటూ తిరుగుతుంది, నట్టు మాత్రం కదలదు. రెండు సార్లు అలా జారితే ఆ నట్టుకు ఇక ఏ పానా పట్టదు.

ఇంకో చిక్కు ఉంది. ఒక అమ్మాయి రాసింది: "మేష్టారూ, నాలుగు నట్లకి 21 పానా సరిగ్గా పట్టిందండి, మిగతా వాటికి అసలు ఎక్కలేదండి. అన్నీ ఒకే మూతవి కదండీ?" చాలా మంచి ప్రశ్న. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఇనుము ఆదా చేయడానికి నట్ల తలలను ఒక సైజు తగ్గించారు. త్రెడ్ (మర) మారలేదు, తల మాత్రం చిన్నదైంది. అర అంగుళం నట్టు తల 0.820 అంగుళానికి దిగింది. అది 20.8 మిల్లీమీటర్లు, అందుకే 21 పట్టింది. ఆ నాలుగూ తర్వాతెప్పుడో మార్చినవి. ఆ అమ్మాయి తెలియకుండానే ఇంజన్ చరిత్ర చదివింది. ఆ నాలుగు నట్లు ఎక్కడివో పుస్తకంలో రాసుకోమన్నాను.

విట్‌వర్త్ పానాలు పాత ఇనుము కొట్లలో దొరుకుతాయి. రాజమండ్రిలో, కాకినాడలో వెతకండి. వాటి మీద అంకెల పక్కన డబ్ల్యూ అని ఉంటుంది. కొన్నిటి మీద రెండు అంకెలుంటాయి, 1/2 డబ్ల్యూ, 9/16 బీఎస్ అని. బీఎస్ అంటే సన్న త్రెడ్ల బ్రిటిష్ కొలత. రెండూ ఒకే నోరు. నోరు సాగిపోయినవి మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకండి. నేనయితే రింగు పానా తప్ప వేయను. నోరు తెరిచి ఉన్న పానా రెండు చదరాలనే పడుతుంది, రింగు ఆరు మూలల్నీ పడుతుంది. నోరు సర్దుకునే స్క్రూ రెంచిని మన షెడ్డులోకి తేవద్దని ఎప్పుడో చెప్పాను, మళ్ళీ చెబుతున్నాను.

తుప్పు నట్టును కదిలించడం పెద్ద విద్యేమీ కాదు, దానికి రోజులు కావాలి అంతే. నట్టు పైన బయటికి కనిపించే బోల్టు కొసను వైరు బ్రష్షుతో తళతళ మెరిసేదాకా తోమండి. ఇది అందరూ వదిలేస్తారు. నట్టు బయటికి రావాల్సింది ఆ దారినే. దారిలో తుప్పు పెట్టుకుని నట్టును ఈడిస్తే స్టడ్డు విరుగుతుంది. మన విరిగిన స్టడ్డు అలాగే విరిగింది. తర్వాత పాత పంచె ముక్కను కిరసనాయిల్లో తడిపి నట్టు చుట్టూ చుట్టి, పైన ప్లాస్టిక్ కవరు కట్టండి, లేకపోతే మన ఎండకు గంటలో ఆరిపోతుంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తడపండి. మూడు రోజులు. మూడో రోజు నట్టు ఒక చదరానికి బరువైన సుత్తి ఆనించి, ఎదురు చదరం మీద చిన్న సుత్తితో టకటకా కొట్టండి. గట్టిగా కాదు, తలుపు తట్టినట్టు. చుట్టూ తిప్పుతూ ఆరు వైపులా. ఆ అదురుకే తుప్పు చిట్లి, కిరసనాయిలు లోపలికి దిగుతుంది.

ఇప్పుడు పానా వేసి ముందు బిగించే వైపు తిప్పండి. వెంట్రుకవాసి కదిలితే చాలు. చాలామందికి ఇది వింతగా అనిపిస్తుంది, కానీ పట్టేసిన తుప్పు తెగేది ఆ కదలికతోనే. ఆ తర్వాత విప్పండి. పావు చుట్టు వచ్చాక కిరసనాయిలు పోసి వెనక్కి తిప్పండి. మళ్ళీ ముందుకు. కిరకిరమంటే ఆగాలి.

అయినా రాకపోతే వేడి. గ్యాసు టార్చి మంటను నట్టు మీద మాత్రమే పెట్టండి, స్టడ్డు మీద కాదు. నట్టు వ్యాకోచిస్తుంది, పట్టు వదులుతుంది. నా అలవాటు ఏమిటంటే, నట్టు ఎర్రబడక ముందే మంట తీసేసి, త్రెడ్ దగ్గర కొవ్వొత్తి ఆనిస్తాను. మైనం కరిగి సందులోకి తనంతట తానే పీల్చుకుపోతుంది. కిరసనాయిలు గుడ్డలన్నీ ముందు దూరంగా తీసేయాలని వేరే చెప్పక్కర్లేదు. బేరింగుల దగ్గర మంట వద్దు. లోపలున్న వైట్ మెటల్ అనే మెత్తటి లోహం 250 డిగ్రీల లోపే కరగడం మొదలవుతుంది.

పానాకు పైపు తొడిగి పొడుగు చేయడం వద్దు. పైపు తొడిగిన చేతికి స్టడ్డు మెలిపడుతున్న సంగతి తెలియదు. మామూలు పానాతో అయితే నట్టు కదిలిందా, స్టడ్డు సాగుతోందా అన్న తేడా చేతికి తెలిసిపోతుంది. నట్టు మొండికేస్తే నట్టునే ఉలితో చీల్చేయండి. కొత్త నట్టు చేసుకోవచ్చు, స్టడ్డును కాపాడుకోవాలి.

ఇక ఈ పాఠం రాయడానికి అసలు కారణమైన రంధ్రం సంగతి. పోయిన ఆదివారం ఒక నట్టుతో పాటు స్టడ్డు కూడా తిరిగి బయటికొచ్చేసింది. అది మంచిదే, చాలాసార్లు జరుగుతుంది. స్టడ్డు వంగి ఉందని మన కుర్రాడు హార్డ్‌వేర్ షాపుకు వెళ్ళి 12 ఎంఎం బోల్టు తెచ్చాడు. పెట్టి తిప్పాడు. నా దగ్గరకొచ్చి సంతోషంగా, "సరిపోయిందండి మేష్టారూ, చేత్తోనే రెండు చుట్లు ఎక్కిందండి, ఇంక పానాతో దింపేశానండి" అన్నాడు.

చేత్తో రెండు చుట్లు ఎక్కింది. ఈ మాటంటే నాకు భయం. ఎందుకో వివరంగా చెబుతాను, ఓపిగ్గా చదవండి.

అర అంగుళం విట్‌వర్త్‌లో అంగుళానికి 12 త్రెడ్లు. 12 ఎంఎం మెట్రిక్ బోల్టులో ఒక త్రెడ్ నుంచి ఇంకో త్రెడ్‌కు దూరం 1.75 మిల్లీమీటర్లు, అంటే అంగుళానికి పద్నాలుగున్నర. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు కాబట్టి 12 బోల్టు లోపల వదులుగా ఉంటుంది. ఆ వదులే మోసం చేస్తుంది. మొదటి చుట్టులో త్రెడ్ తన గాడి నుంచి 0.37 మిల్లీమీటర్లు పక్కకు జరుగుతుంది. వదులు ఉంది కాబట్టి తెలియదు. రెండో చుట్టుకు 0.73. ఇప్పుడు బిగువు తెలుస్తుంది. "ఆహా, పట్టింది" అనుకుంటాం. అది పట్టడం కాదు, అడ్డం పడటం. అక్కడి నుంచి పానాతో దింపితే ఉక్కు బోల్టు పోత ఇనుము త్రెడ్లను చెక్కేసుకుంటూ పోతుంది. పోత ఇనుము సాగదు, పొడిపొడిగా రాలుతుంది. మన రంధ్రంలోంచి ఊదితే నల్లటి పొడి వచ్చింది. అది ఆ రంధ్రపు త్రెడ్లే.

ఇంకా తెలివిగా మోసం చేసేవి ఉన్నాయి. అమెరికన్ అర అంగుళం బోల్టు తీసుకోండి. లావు అచ్చంగా అదే, త్రెడ్లు మాత్రం అంగుళానికి 13. ఒక చుట్టుకు తేడా 0.16 మిల్లీమీటర్లే. మూడు చుట్లు దాకా వెళ్ళి ఆగుతుంది. మూడు ఎనిమిదో వంతుల విట్‌వర్త్ బోల్టును 10 ఎంఎం నట్టులో పెట్టండి. ఒకటి అంగుళానికి 16, ఇంకొకటి 17కు దగ్గర. బోల్టు సన్నం కాబట్టి పల్చటి నట్టయితే పూర్తిగా ఎక్కేసినట్టే ఉంటుంది, ఊపి చూస్తే కదులుతుంది. బిగిస్తే త్రెడ్ల అంచులే మోస్తాయి, బరువు పడిన రోజు ఊడుతుంది. బ్రేకు రాడ్డుకు అలాంటిది ఒకటి పెట్టి ఉండగా నేను చూశాను.

లెక్క కుదిరినా కోణం కుదరదు. విట్‌వర్త్ త్రెడ్ పళ్ళ కోణం 55 డిగ్రీలు, మెట్రిక్ పళ్ళది 60. విట్‌వర్త్ పళ్ళ కొస, మొదలు గుండ్రంగా ఉంటాయి. మొదలు గుండ్రంగా ఉంటే పగులు అక్కడ మొదలవడం కష్టం. నూరేళ్ళయినా ఆ స్టడ్లు మిగిలి ఉండటానికి అదీ ఒక కారణం. అందుకే "మెట్రిక్ ట్యాపు (రంధ్రంలో త్రెడ్లు కోసే పనిముట్టు) ఒకసారి దింపేస్తే అన్నీ షాపులో దొరికే బోల్టులే వాడుకోవచ్చు కదండీ" అని అడిగిన వాళ్ళకు నా జవాబు వద్దనే. మనం చేస్తున్నది ఇంజన్‌ను నడిపించడం ఒక్కటే కాదు, అది పుట్టినప్పుడు ఎలా ఉందో అలా మిగల్చడం కూడా. ఇవాళ ఒక రంధ్రానికి మెట్రిక్ దింపితే, ముప్పై ఏళ్ళ తర్వాత ఈ మూత విప్పే మనిషి మీలాగే తప్పు పానా వేస్తాడు.

గుర్తుపట్టడం ఎలా? త్రెడ్ గేజి (త్రెడ్‌కు ఆనించి చూసే పళ్ళ రేకు) ఉంటే 55 డిగ్రీలది వేసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. సందుల్లోంచి వెలుగు రాకూడదు. గేజి లేకపోతే నేను చేసేది ఇది. స్టడ్డును శుభ్రం చేసి, తెల్ల కాయితం మీద పెట్టి గట్టిగా నొక్కుతూ దొర్లిస్తాను. గీతలు పడతాయి. స్కేలు పెట్టి ఒక అంగుళంలో ఎన్ని గీతల మధ్య ఖాళీలున్నాయో లెక్కపెడతాను. గీతలు లెక్కపెడితే ఒకటి ఎక్కువొస్తుంది, ఖాళీలే లెక్కపెట్టండి. స్టడ్డు పొట్టిదైతే అర అంగుళంలో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. పావు అంగుళానికి 20, మూడు ఎనిమిదో వంతులకు 16, అరకు 12, ఐదు ఎనిమిదో వంతులకు 11, ముప్పావుకు 10, అంగుళానికి 8. ఈ ఆరూ కంఠతా రావాలి.

పాడైన రంధ్రాన్ని ఎలా సరిచేశామో కూడా చెప్పాలి. దాన్ని ఐదు ఎనిమిదో వంతులకు పెద్దది చేసి విట్‌వర్త్ ట్యాపు దింపాం. లేత్ మీద రెండు లావుల స్టడ్డు చేయించాం, లోపలి కొస ఐదు ఎనిమిదో వంతులు, బయటి కొస అర. మూత మీద పాత నట్టే కూర్చుంది. చేసిన చోటు, తేదీ పుస్తకంలో రాశాం. ఆ కుర్రాడే రాశాడు, ఆ స్టడ్డు కూడా వాడే దగ్గరుండి చేయించాడు.

విప్పినవి పెట్టుకోవడానికి డబ్బాలొద్దు. కోడిగుడ్ల ట్రే తెచ్చుకోండి. అనపర్తి వైపు వాళ్ళను అడిగితే ఎన్నైనా ఇస్తారు. ముప్పై గుంటలుంటాయి. మూత ఆకారం ట్రే మీద పెన్నుతో గీసి, ఏ స్టడ్డు నట్టు ఆ గుంటలో. నట్టును తిప్పి ఇంకో స్టడ్డుకు వేయొద్దు, ఇన్నేళ్ళు కలిసి అరిగినవి అవి.

సాధన. పాత ఇనుము కొట్టుకు వెళ్ళి, రకరకాల బోల్టులు ముప్పై ఏరుకోండి. తూకానికి ఇస్తారు, ఎక్కువ కాదు. గేజి ముట్టుకోకుండా, కాయితం, స్కేలుతో ప్రతి దాని లావు, అంగుళానికి త్రెడ్లు, విట్‌వర్తా మెట్రిక్కా అమెరికనా, ఏ పానా పడుతుంది అన్నది రాయండి. ముప్పైలో ఇరవై ఎనిమిది కరెక్టు అయ్యేదాకా మళ్ళీ చేయండి. దాంతో పాటు, బాగా తుప్పు పట్టిన ఒక్క నట్టును తీసుకుని, పైపు లేకుండా, మంట లేకుండా, కిరసనాయిలు, సుత్తి, పానా మాత్రమే వాడి విప్పండి. రోజూ ఏం చేశారో, పానాకు ఎంత కదలిక తెలిసిందో ఒక్కో వాక్యం రాయండి. వారం పట్టొచ్చు, రెండు వారాలూ పట్టొచ్చు. స్టడ్డు విరిగితే విరిగిన ముక్క కూడా ఆదివారం షెడ్డుకు తీసుకురండి. విరిగిన చోట తుప్పు రంగు ఎంత మేర ఉందో, కొత్త ఇనుము మెరుపు ఎంత మేర ఉందో చూసి, ముందే పగిలి ఉందా, మీ చేతిలోనే విరిగిందా అన్నది కలిసి తేల్చుకుందాం.