పడవ మోడల్‌కి రెండు రంగులు: స్ప్రే డబ్బా మూత తీసే ముందు

నా మొదటి టగ్ బోటు (పెద్ద ఓడల్ని లాగే చిన్న పడవ) మోడల్‌కి నలుపు కొట్టింది ఒక ఆగస్టు ఆదివారం, విశాఖపట్నంలో మా మేడ మీద. పొద్దున్నే వాన వెలిసింది, ఎండ కూడా పొడిచింది, ఇంకేం కావాలి అనుకున్నాను. పావుగంట తిరక్కుండా నలుపంతా విభూతి రాసినట్టు తెల్లబడింది. తుడిస్తే పోలేదు. ఆ హల్ (పడవ ఒళ్లు) మీద అప్పటికి నాలుగు నెలలు కూర్చున్నాను.

జరిగింది ఇదీ. రంగులోని థిన్నర్ ఆవిరయ్యేటప్పుడు కిందనున్న పొర వేడిని లాగేసుకుంటుంది. 30 డిగ్రీల గాలిలో తేమ 80 శాతం ఉంటే, ఏ వస్తువైనా 26 డిగ్రీలకి చల్లబడగానే దాని మీద నీరు పడుతుంది. అంటే నాలుగు డిగ్రీలు తగ్గితే చాలు, ఆ నీటికే రంగు తెల్లబడుతుంది. అదే తేమ 50 శాతం ఉంటే 18 డిగ్రీల దాకా భయం లేదు. తేమ చూపించే చిన్న మీటరు కొన్ని వందల రూపాయలకే వస్తుంది. అది 70 దాటితే నేను డబ్బా ముట్టుకోను. ఎండ కాస్తోంది కదా అని నమ్మకండి, నన్ను ముంచింది ఆ ఎండే.

జూన్ ముంచుకొస్తోందంటే, వానల్లోపు రెండు రంగులూ కొట్టేసి పక్కన పెట్టేద్దామని చాలామందికి ఉంటుంది. మే నెల ఎండలో కొడితే ఇంకో తంటా: 40 డిగ్రీల్లో రంగు హల్‌ని చేరేలోపే గాల్లో సగం ఆరిపోయి, గరుకు కాగితంలా అంటుకుంటుంది. కొట్టక తప్పదనుకుంటే, తేమ తక్కువున్న రోజు చూసుకుని నీడ పట్టున కొట్టండి. ఆగగలిగితే కోస్తా వాళ్లకి డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా, మంచు పూర్తిగా విడిచాక, పది నుంచి మూడు గంటల మధ్య మంచి సమయం. హైదరాబాద్ వాళ్లకి మాకంటే కాస్త వెసులుబాటు ఎక్కువ.

అప్పటిదాకా ఖాళీగా ఉండక్కర్లేదు. రెండు రంగుల పనిలో, అంటే అడుగున ఎరుపు, పైన నలుపు, డబ్బా నొక్కేది మొత్తం కలిపితే పది నిమిషాలు ఉంటుందేమో. మిగతాదంతా ఆ రెండూ కలిసేచోట గీత పెట్టడం, ఆరే దాకా ఆగడం.

ముందు గీత సంగతి. ఓడల అడుగుకి ఎరుపు రావడానికి కారణం, నాచూ గుల్లలూ పట్టకుండా వాడుతూ వచ్చిన రాగి ఆక్సైడ్. అది మునిగే భాగానికే కావాలి. కాబట్టి ఎరుపు ఎక్కడ ఆగాలో చెప్పేది నీళ్లే, మన కంటికి బాగున్న చోటు కాదు. రంగు వేశాక బ్యాటరీ పెట్టి చెరువులో వదిలితే ఎరుపంతా మునిగిపోయి, నలుపులో సగం కూడా మునిగిన పడవల్ని చూశాను. ముక్కు పైకి లేచి, వెనక కూర్చుండిపోయినవీ చూశాను. అందుకని ప్రైమర్ (రంగు కింద వేసే మొదటి పూత) కంటే ముందే పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి, మోటారు, బ్యాటరీ, బరువు కోసం పెట్టే సీసం ముక్కలు, పైన రాబోయే క్యాబిన్, అన్నీ వాటి వాటి చోట్ల పెట్టి తేలించండి. తిన్నగా నిలబడిందని తేలాక ముక్కు దగ్గర, వెనక, రెండు పక్కలా నీరు తాకిన చోట గుర్తులు పెట్టండి. అసలు గీత వాటికి 4, 5 మిల్లీమీటర్లు పైన ఉంటే, తేలుతున్నప్పుడు సన్నని ఎర్రచార కనబడి ముచ్చటగా ఉంటుంది.

ఆ గుర్తుల్ని గీతగా కలపడానికి మా ఇంట్లో వంటగది గ్రానైట్ గట్టుని మించిన సమతలం లేదు. (పండగ రోజు మాత్రం అడగకండి.) హల్‌ని స్టాండు మీద పెట్టి, నాలుగు గుర్తులూ గట్టు నుంచి ఒకే ఎత్తులో ఉండేలా కింద అట్టముక్కలు సర్దాలి. ఒక చెక్కముక్కకి పెన్సిల్‌ని ఆ ఎత్తులో అడ్డంగా బిగించి, చెక్కని గట్టు మీద జరుపుతూ హల్ చుట్టూ తిరిగితే గీత దానంతటదే పడుతుంది. టేపు కొలతలతో గీస్తే ఈ పని కుదరదు, ఎందుకంటే హల్ వంపు తిరిగినచోట కొలత మోసం చేస్తుంది. ప్రైమర్ కొట్టాక గీత కనబడదు, మళ్లీ గీయాల్సిందే. అందుకే ఆ ఎత్తు ఎంతో గోడ క్యాలెండర్ వెనక రాసి పెట్టుకుంటాను.

ఫైబర్‌గ్లాస్ హల్ అయితే అచ్చులోంచి తేలిగ్గా ఊడటానికి పూసిన మైనం దాని మీద ఉండిపోతుంది. అంట్లు తోమే సబ్బునీళ్లతో బాగా కడగాలి. ఆ తర్వాత 400 నంబర్ వాటర్ పేపర్‌తో తడిగానే రుద్దాలి, పొడిగా వద్దు. ఆ దుమ్ము ఒంటికి తగిలితే దురద, లోపలికి పోతే ఇంకా చేటు. రుద్దాక చేత్తో తడమకండి, వేళ్ల జిడ్డు చాలు రంగు ఊడటానికి.

రంగుల మధ్య పొత్తు కుదరాలి. ఎనామిల్ రకం రంగు మీద లాక్కర్ రకం కొడితే, లాక్కర్‌లోని ఘాటైన థిన్నర్ కింది ఎనామిల్‌ని కదిలించి, కాగిన పాల మీద మీగడలా ముడతలు తెస్తుంది. ప్రైమర్, రెండు రంగులు, పైన కొట్టే క్లియర్ (రంగులేని పూత), అన్నీ ఒకే కంపెనీవి, ఒకే రకానివి కొనండి. 60 సెంటీమీటర్ల హల్‌కి రంగుకో 400 మిల్లీలీటర్ల డబ్బా సరిపోతుంది. మళ్లీ పూత ఎప్పుడు వేయాలో డబ్బా మీదే ఉంటుంది: కొన్నిటికి గంటలోపు, లేదంటే 24 గంటలు దాటాక. ఆ మధ్యలో వేస్తే ముడతలు ఖాయం. కొత్త డబ్బా ఏదైనా ముందు పాత డబ్బా రేకు మీద అదే వరసలో కొట్టి చూస్తాను. మా మేనల్లుడికి ఇది నవ్వులాట, "మావయ్యా, రేకుకి కూడా పెళ్లిచూపులా" అంటాడు.

మామూలుగా లేతరంగు ముందు, ముదురు తర్వాత. మన టగ్ విషయంలో ఎరుపు ముందు. గీత దాటి ఒక సెంటీమీటరు పైదాకా వస్తే చాలు, హల్ అంతా పులమక్కర్లేదు, ఊరికే మందం పెరుగుతుంది. ఎరుపు ఒక రోజు ఆరిందని వెంటనే టేపు వేస్తే, టేపుతోపాటు ఎరుపూ లేచొచ్చే ప్రమాదం ఉంది. ఎనామిల్ అయితే నేను వారం ఆగుతాను. ముక్కు దగ్గర పెట్టి వాసన చూస్తే థిన్నర్ తగలకూడదు.

టేపు దగ్గరే ఎక్కువ పడవలు చెడతాయి. స్టేషనరీ కొట్లో దొరికే ముడతల మాస్కింగ్ టేపు అంచు కింద రంగు, పచ్చి గోరింటాకులా పాకిపోతుంది. నున్నటి అంచున్న సన్న టేపు, 2 లేదా 3 మిల్లీమీటర్లది కొనండి. ముందు దాంతో గీత పొడవునా అంచు కట్టుకుని, దాని మీద వెడల్పు టేపు, ఆ తర్వాత కాగితం. సన్న టేపుని సాగదీయకండి. వంపుల దగ్గర సాగదీసి అతికిస్తే రాత్రికి అది మెల్లగా వెనక్కి జరుగుతుంది, పొద్దున్న చూస్తే గీత వంకర. కరెంటు పనికి వాడే టేపు కూడా ఇంతే, పైగా మన వేడికి జిగురు వదులుతుంది. అంచు పొడవునా గోటితో కాదు, చెక్క ఐస్‌క్రీమ్ పుల్లతో నొక్కండి. కింద ఎరుపుకి న్యూస్‌పేపర్ చుట్టకండి, థిన్నర్‌కి అందులోని సిరా దిగుతుంది. పుస్తకాలకు అట్టలేసే బ్రౌన్ పేపరు మంచిది.

ఇక అసలు చిట్కా. టేపు అంచు మీద నలుపుకి ముందు ఇంకోసారి ఎరుపే పల్చగా కొట్టండి. టేపు కింద ఎక్కడైనా సందుంటే ఎరుపే వెళ్లి దాన్ని మూసేస్తుంది. ఎరుపులో ఎరుపు ఎవరికి తెలుస్తుంది? అది ఆరాక నలుపు.

కొట్టడం గురించి పెద్దగా చెప్పడానికి లేదు. లోపలి గోలీ చప్పుడు మొదలయ్యాక ఇంకో రెండు నిమిషాలు ఊపాలి. 20, 25 సెంటీమీటర్ల దూరం. హల్ బయట నొక్కడం మొదలుపెట్టి, బయటే వదలాలి. మొదటి పూతలో కింది రంగు కనబడుతూనే ఉండాలి, మూడో పూతకి నిండాలి. కారిందా, చెయ్యి పెట్టకండి, ఆరాక 800 నంబర్ పేపర్‌తో రుద్దుకోవచ్చు. ఆఖరి పూత తర్వాత అరగంటకి, వేలికి అంటనప్పుడు, టేపుని దాని మీదికే మడిచి కొత్త రంగుకి దూరంగా, మెల్లగా లాగండి. రాత్రంతా ఉంచితే అంచు పెళ్లలుగా లేస్తుంది.

ఒంటి జాగ్రత్త. కరోనా నాటి మాస్కు, ఎన్‌95 కూడా, రంగు తుంపరని ఆపుతుందేమో గానీ థిన్నర్ ఆవిరిని ఆపదు. దానికి బొగ్గు క్యాట్రిడ్జ్‌లు ఉన్న మాస్కు కావాలి. కార్ల షెడ్డులో వాడే రెండు డబ్బాలు కలిపే పాలీయురేథేన్ రంగు మెరుస్తుంది నిజమే, కానీ దాని హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఉబ్బసం తెప్పిస్తాయి. ఇంట్లో దాని జోలికి పోవద్దు. మామూలు డబ్బాల్లో రంగుని తోసేది చాలావాటిలో వంటగ్యాస్ లాంటి వాయువే, గాలి కంటే బరువైనది, నేల మీద పాకుతుంది. తలుపులు మూసిన గదిలో కొట్టి, పక్కగదిలో దేవుడి దగ్గర దీపమో దోమల చుట్టో వెలుగుతుంటే చాలు, అంటుకోవడానికి. మేడ మీదే కొట్టండి, కానీ గాలివాటం చూసుకుని. పక్కింటి వాళ్ల తెల్లబట్టల మీద ఎర్ర చుక్కలు పడితే థిన్నర్‌తో తీరే గొడవ కాదు.

డబ్బాని మే ఎండలో కారులో వదలకండి, 50 డిగ్రీలు దాటకూడదని దాని మీదే రాసుంటుంది. పని అయ్యాక తలకిందులు చేసి, ఉత్త గ్యాస్ వచ్చేదాకా ఒకసారి నొక్కితే నాజిల్ మూసుకుపోదు. అయిపోయిన డబ్బాల్ని వెనక వసారాలో పోగేసి, చెత్తంతా పోతుంది కదా అని భోగి మంటల్లో వేసేవాళ్లు ఉన్నారు. ఖాళీ అనుకున్న డబ్బాలోనూ గ్యాస్ మిగిలే ఉంటుంది, మంటలో పడితే పేలుతుంది. వాటిని మునిసిపాలిటీ బండిలో ప్రమాదకరమైన చెత్త వేసే అరలో, విడిగా ఇవ్వండి.