అనిమే చూశాక నాలుగు మాటలు రాయడం ఎట్లా

"మస్తుంది", "ఫైట్ కేక", "స్లో ఉంది బై". హన్మకొండ, కాజీపేట హాస్టళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఏ అనిమే (జపాన్ యానిమేషన్) మీదైనా వచ్చే అభిప్రాయం ఇంతవరకే. అందులో తప్పేమీ లేదు, కానీ చదివినవాళ్ల చేతికి ఏదీ అందదు. మీరు చెప్పిన ఎపిసోడ్ తీసి, మీరు చెప్పిన నిమిషానికి పోయి, "అవునే" అనో "కాదురా" అనో అనగలిగితేనే అది అభిప్రాయం. అట్లా రాయడానికి కావలసినవి ఒక నోట్‌బుక్, ఒక జత ఇయర్‌ఫోన్లు, కొంచెం ఓపిక.

ఎంత చూసి రాస్తున్నారో ముందే తేల్చుకోండి. జపాన్ టీవీలో కొత్త సిరీస్‌లు జనవరి, ఏప్రిల్, జులై, అక్టోబర్ నెలల్లో మొదలవుతాయి. మూడు నెలల విడతను అక్కడ "కూర్" అంటారు, 12 లేదా 13 ఎపిసోడ్లు. ఒక్కోటి సుమారు 24 నిమిషాలు. అందులో మొదటి పాట నిమిషంన్నర, చివరి పాట నిమిషంన్నర. పాటలు పోను 12 ఎపిసోడ్లకు 252 నిమిషాలు, అంటే నాలుగు గంటల పైచిలుకు. ఒక్క రాత్రిలో లాగేయొచ్చు అనిపిస్తుంది. లాగితే ఎనిమిదో ఎపిసోడ్ దగ్గర నిద్ర మీ కండ్లకు వస్తుంది, నేరం కథ మీద పడుతుంది. రోజుకు మూడు చాలు. పాటలు దాటేసినా మొదటి ఎపిసోడ్‌లోనూ చివరి ఎపిసోడ్‌లోనూ దాటేయకండి. ముగింపు ఎపిసోడ్‌లో చాలాసార్లు కథ నడుస్తుండగానే దాని మీద పేర్లు వేస్తారు, పేర్ల తర్వాత ఇంకో ముక్క కూడా ఉండొచ్చు.

మూడు ఎపిసోడ్లు చూసి తీర్పు చెప్పడం చాలామందికి అలవాటు. చెప్పొచ్చు, కానీ "మూడు చూసి రాస్తున్న" అని మొదటి వరుసలోనే ఒప్పుకోవాలి. ఫ్రీరెన్ అనే సిరీస్ సంగతే చూడండి. 2023 సెప్టెంబర్ 29న జపాన్‌లో దాని మొదటి నాలుగు ఎపిసోడ్లను కలిపి ఒకే రాత్రి రెండు గంటల కార్యక్రమంగా వేశారు. మొత్తం 28 ఎపిసోడ్లున్న ఆ సీజన్‌ను ఒకటో ఎపిసోడ్ చూసి "సాగదీశారు" అనడం, పెండ్లిలో ఆకు వేయగానే లేచిపోయి వంట బాగాలేదన్నట్టే.

వారం వారం చూసేవాళ్లకు ఒక లెక్క. జపాన్ గడియారం మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది. అక్కడి పట్టికలో "శనివారం 25:00" అని కనిపిస్తే అచ్చుతప్పు కాదు. అర్ధరాత్రి దాటిన టైమును కూడా ముందు రోజు ఖాతాలోనే రాస్తారు. అంటే అక్కడ ఆదివారం తెల్లవారుజాము ఒంటి గంట, మనకు శనివారం రాత్రి 9:30. యాప్‌లో ఆ వెంటనే రావాలని లేదు.

తెర సరిచేసుకోండి

బొమ్మను తప్పుపట్టే ముందు మీ టీవీని అనుమానించండి. కొత్త టీవీల్లో కదలికను నున్నగా చేసే సెట్టింగ్ ఒకటుంటుంది, పేరు కంపెనీకో తీరు. అది లేని బొమ్మలను మధ్యలో తానే పుట్టిస్తుంది. అనిమే మీద అది పనిచేస్తే గీతలు నీళ్లలో తేలినట్టు కనిపిస్తాయి, దెబ్బ తగిలిన జోరు పోతుంది. దాన్ని పూర్తిగా ఆపండి. ఫోన్లో డేటా సేవర్ ఉంటే చీకటి సీన్లలో మెట్లు మెట్లుగా మరకలు పడతాయి. అది నెట్ పుణ్యం, రంగులు వేసినవాళ్లది కాదు. సాయంత్రం హాస్టల్ వైఫై మీద అందరూ పడే వేళ చూసేకన్నా, వీలుంటే ఎపిసోడ్‌ను డౌన్‌లోడ్ పెట్టుకొని చూడటం నయం.

ఫైట్ మధ్యలో తెర ఒక్కసారి మసకబారి, మెరుపులన్నీ నీరసపడితే? అదీ చిత్రకారుల లోపం కాదు. 1997 డిసెంబర్ 16న ఒక పోకెమాన్ ఎపిసోడ్‌లోని ఎర్ర–నీలి మెరుపులకు వందల మంది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. అప్పటి నుంచి జపాన్ టీవీల్లో మెరుపులకు హద్దులు పెట్టారు. అందుకే ప్రసారంలో మసకగా ఉన్న సీను తర్వాత వచ్చే డిస్క్‌లో వెలుగ్గా ఉండొచ్చు. ఏది చూశారో రాయండి.

రెండుసార్లు చూడటం

మొదటిసారి ఆపకుండా చూడండి. 1.25 వేగం వద్దు, మధ్యలో చాయ్ వద్దు. మీరే పదిసార్లు ఆపి, తర్వాత "నడక కుంటుపడింది" అని రాస్తే అది మీ వేలి తప్పు. నోట్‌బుక్‌లో ఎపిసోడ్‌కు ఐదుకు మించకుండా గుర్తులు పెట్టుకోండి: నిమిషం, రెండు మాటలు. "14:20, మెట్లు, నవ్వు ఆగింది" అంటే చాలు. ఐదు దాటితే చూడటం మాని రాయడం మొదలుపెట్టారన్నమాట.

రెండోసారి గుర్తులు పెట్టుకున్న చోట్లే, ఒక్కో నిమిషం. 12 ఎపిసోడ్లకు గంట పని. కదలిక నచ్చిన చోట ఎందుకు నచ్చిందో లెక్కతో తేల్చవచ్చు. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు పోతాయి గానీ, ప్రతి ఫ్రేముకూ కొత్త బొమ్మ గీయరు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ ప్లేయర్‌లో వీడియోను ఆపి ఇంగ్లిష్ "ఈ" అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు పోతుంది. యూట్యూబ్ ట్రైలర్ అయితే ఆపి ఫుల్‌స్టాప్ కీ నొక్కాలి. 12 ఫ్రేములు జరపండి. మనిషి బొమ్మ ఆరుసార్లు మారితే సెకనుకు 12 బొమ్మలు, నాలుగుసార్లు మారితే 8. లెక్క మనిషిదే తీసుకోండి, వెనక జరిగే చెట్లది కాదు. వెనకటి చిత్రాన్ని ప్రతి ఫ్రేముకూ జరుపుతారు, అందుకే లెక్క తప్పుతుంది. ఇంకో మాట: 8 బొమ్మలుంటే నాసిరకం అని కాదు. బలమైన గుద్దుకు తక్కువ బొమ్మలే ఎక్కువ జోరు ఇస్తాయి.

అసలు కదలని సీన్లూ ఉంటాయి. ఒకే బొమ్మ మీద కెమెరా మెల్లగా జరుగుతుంది, గొంతు కథ చెబుతుంది. "డబ్బుల్లేక బొమ్మ ఆపేశారు" అని తొందరపడి రాసేస్తారు. 1963లో జపాన్ దర్శకుడు ఒసాము తెజుకా వారానికో ఎపిసోడ్ తీయడం మొదలుపెట్టినప్పుడు పొదుపు కోసమే ఈ దారి ఎక్కువగా వాడిన మాట నిజమే. కానీ మనకిది కొత్తా? చేర్యాల నకాషీ చిత్రకారుల ఎర్రనేల పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ కథ చెప్పేవాళ్లు చేసేదీ ఇదే. బొమ్మ కదలదు, మాట కదిలిస్తుంది. కాబట్టి అడగాల్సింది కదిలిందా లేదా అని కాదు. ఆ ఆగిన బొమ్మ మీద గొంతూ సంగీతమూ బరువు మోశాయా, లేక ఊరికే సెకన్లు నింపారా అని.

ఎపిసోడ్ చివరి పేర్లలో మూడు పదవులు పట్టుకుంటే చాలు. "ఎకొన్తె" అంటే షాట్ల పథకం గీసినవాళ్లు, "ఎన్‌షుత్సు" ఆ ఎపిసోడ్ దర్శకుడు, "సకుగా కన్‌తొకు" బొమ్మలన్నిటినీ సరిదిద్ది ఒక పోలికకు తెచ్చేవాళ్లు. ఐదో ఎపిసోడ్ మాత్రమే మెరిసిందనిపిస్తే మొత్తం సిరీస్ డైరెక్టర్‌కు దండ వేసే ముందు ఈ పేర్లు చూడండి.

చెవికి పని

మన భాషకు ఇక్కడ పెద్ద సౌకర్యం ఉంది, వాడుకునేవాళ్లు తక్కువ. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో "బ్రదర్" అని పడ్డప్పుడు వినండి. "నీసాన్" అయితే అన్న, "ఒతోతో" అయితే తమ్ముడు. "నేసాన్" అక్క, "ఇమోతో" చెల్లె. రక్తసంబంధం లేని కుర్రాణ్ణి కూడా మనం "అన్నా" అన్నట్టే "ఒనీసాన్" అంటారు. "సెన్‌పై"కి మన కాలేజీ మాట "సీనియర్" సరిపోతుంది. వీటన్నిటినీ బ్రదర్, సిస్టర్ అని రాస్తే ఉన్న చుట్టరికాన్ని మీరే తీసేసినట్టు. "నేను"కు మాత్రం జపనీస్‌లో చాలా మాటలు: "వతాషి" మర్యాద, "బొకు" మెత్తన, "ఒరె" కొంచెం మొరటు. బొకు అనే పిల్లగాడు ఒకనాడు ఒరె అన్నాడంటే మనిషి మారిండు; సబ్‌టైటిల్‌లో ఆ జాడే ఉండదు.

ఇంకోటి, వాక్యం తీరు. జపనీస్‌లోనూ తెలుగులోనూ క్రియ చివర్లో, కాదు–లేదు దాని తోకలో. "నిన్ను చంపను" అనే మాటలో చంపడమా వదలడమా అన్నది ఆఖరి అక్షరం దాకా తేలదు. నటులు సరిగ్గా దాని ముందే ఊపిరి బిగబడతారు. ఇంగ్లిష్ అక్షరాలు మాత్రం తెర మీద ముందే పడిపోతాయి. "ఆ సీన్‌లో టెన్షన్ లేదు" అని రాయబోయే ముందు సబ్‌టైటిల్ ఆపి ఆ నిమిషం మళ్లీ వినండి.

తెలుగు డబ్బింగ్ మీద రాసేటప్పుడు మూడు చోట్లు వినండి: ఒక నిమ్మళమైన సంభాషణ, ఒక అరుపుల ఫైట్, ఒక హాస్యం. పెదవులు అక్షరం అక్షరం కలవలేదని గొడవ వద్దు. అసలు బొమ్మలోనే నోటికి మూసిన, సగం తెరిచిన, పూర్తిగా తెరిచిన మూడు ఆకారాలే ఎక్కువగా వాడతారు. చూడాల్సింది పొడవు: మాట పట్టక పరుగెత్తించారా? తర్వాత నువ్వు–మీరు: గురువును ఒక ఎపిసోడ్‌లో మీరని, ఇంకోదాంట్లో నువ్వని అంటే నిమిషంతో సహా రాయండి. యాస సంగతి మరీ ముఖ్యం. మూలంలో ఒసాకా వైపు కాన్సాయ్ యాస ఉన్న పాత్రకు ఇక్కడ ఒక యాస పెడితే ఒప్పుకోవచ్చు. మామూలు జపనీస్ మాట్లాడే పాత్రకు నవ్వుల కోసం మన యాస తగిలిస్తే ఊరుకోవద్దు.

థియేటర్లో చూస్తే ఇంకో చిక్కు. డీమన్ స్లేయర్ ఇన్ఫినిటీ కాసిల్ సినిమా 2025 సెప్టెంబర్ 12న తెలుగు డబ్బింగ్‌తో కూడా మన దగ్గరికి వచ్చింది, 155 నిమిషాలు. జపాన్ సినిమాలకు ఇప్పుడు సాధారణంగా ఇంటర్వెల్ ఉండదు. మన హాలు వేసే విరామం దెబ్బకూ దెబ్బకూ మధ్య పడితే అది దర్శకుడు కోసిన చోటు కాదు. ఫైట్ ఆపి గతంలోకి పోవడం మాత్రం వాళ్ల ఎంపికే. మాంగాలో, అంటే ఈ కథ మొదట వచ్చిన బొమ్మల పుస్తకంలో, పేజీ తిప్పే చేతికి అది బాగుంటుంది, తెర మీద కొన్నిచోట్ల ఊపు తెగుతుంది. విసుగు రెండింట్లో దేనివల్ల వచ్చిందో విడదీసి చెప్పండి.

రాసేటప్పుడు

మూడు వందల మాటలు చాలు. మొదటి వరుసలో ఎన్ని ఎపిసోడ్లు, ఏ భాషలో, ఎక్కడ చూశారో. వెంటనే మీకు తగిలిన ఒక్క సీను, నిమిషంతో. ఆ తర్వాతే ఫిర్యాదు, దాని వెనక "ఎందుకంటే". "యానిమేషన్ పడిపోయింది" అనొద్దు. "9వ ఎపిసోడ్ 17వ నిమిషంలో ముగ్గురు పరుగెత్తుతుంటే దూరపు షాట్‌లో ముఖాలు చెరిగిపోయాయి" అనండి. పదికి ఎన్ని అని మార్కులు వేయకపోతేనే మేలు, అందరివీ ఎనిమిదే ఉంటాయి. కథ బయటపడే ముక్క ఉంటే ముందు వరుస ఖాళీ వదిలి, ఏ ఎపిసోడ్ దాకా చెబుతున్నారో రాసి మొదలుపెట్టండి.

పేర్లు తెలుగులో రాయడం తేలిక, ఇంగ్లిష్ అక్షరాలను చూడకపోతే. జపనీస్ త, ద మన త, ద లాంటివే. డీమన్ స్లేయర్ హీరో టంజిరో కాదు, తంజిరో. ఎ–ఏ, ఒ–ఓ తేడా మనకుంది కాబట్టి అతని చెల్లె నెజుకో పేరులో "నె" పొట్టిగానే ఉంచండి. మాంగాకు మాత్రం దీర్ఘం తీసేయకండి. మంగ అని రాస్తే మన ఊళ్లల్ల ఎవరి గురించో అనుకుంటారు.

సీజన్ అయ్యాక అభిప్రాయం మారితే పాతది చెరపకండి. కింద తేదీ వేసి, ఏ ఎపిసోడ్ దగ్గర మారిందో రెండు వరుసలు కలపండి.