వృద్ధుల బహుళ అంతస్తుల నివాసం, 7వ పాఠం: వేడినీళ్ళ లూపులో పీఆర్‌వీ ఉండకూడదు

పోయిన పాఠంలోని భవనమే ఇప్పుడూ. 20 అంతస్తులు, అంతస్తుకు 3.3 మీటర్లు, అడుగున పంపు గది, పదేసి అంతస్తులకు ఒక ప్రెషర్ జోన్ (ఒకే ఒత్తిడి మీద నీళ్ళందే భాగం). చన్నీళ్ళ లెక్క దాదాపు అందరికీ సరిగ్గానే వచ్చింది: పంపు దగ్గర పై జోన్‌కు 9.2 బార్, పీఆర్‌వీ (ఒత్తిడి తగ్గించే వాల్వు) దాటాక కింది జోన్‌కు 5.9 బార్.

వేడినీళ్ళ బొమ్మ గీయమనేసరికి చాలామంది చన్నీళ్ళ బొమ్మనే ఎర్ర పెన్నుతో మళ్ళీ గీశారు. రెండు జోన్లకూ కలిపి 9.2 బార్ మీద ఒకటే హీటరు, కింది జోన్ రైజర్ (నిలువు పైపు) మొదట్లో ఒక పీఆర్‌వీ, పదో అంతస్తు నుంచి హీటరుకు రిటర్న్ లైను, దాని మీద చిన్న పంపు. బొమ్మ చూడ్డానికి బావుంటుంది. అలా కడితే మాత్రం కింది పది అంతస్తుల్లో వేడినీళ్ళు తిరగవు. ఈసారి పాఠమంతా వేడి, చన్నీళ్ళు కలిపే మిక్సింగ్ వాల్వుల మీద ఉండాల్సింది. దాన్ని కుదించి ముందు ఇది తేల్చుకుందాం.

చన్నీళ్ళు ఒకే దిక్కున వెళ్తాయి. కుళాయితో వాటి దారి అయిపోతుంది. లూపులో నీళ్ళు బయల్దేరిన చోటికే తిరిగి రావాలి. హీటరు 9.2 బార్ మీద ఉంది. పీఆర్‌వీ దాటిన నీళ్ళు 5.9 మీద ఉన్నాయి. తిరిగి హీటరులోకి దూరాలంటే ఆ 3.3 బార్ తేడాను రిటర్న్ పంపు పూడ్చాలి, అంటే దాదాపు 34 మీటర్ల హెడ్ (పంపు నీళ్ళను ఎత్తగల ఎత్తు). మీరు పెట్టింది 3 మీటర్ల పంపు. అది తిరుగుతూనే ఉంటుంది, నీళ్ళు మాత్రం కదలవు. సైట్‌లో దీన్ని చేత్తోనే కనిపెట్టొచ్చు: పంపు బాడీ వెచ్చగా ఉంటుంది, అక్కణ్ణుంచి అర మీటరు అవతల రిటర్న్ పైపు గది చల్లదనానికి వచ్చేసి ఉంటుంది. పగలు జనం కుళాయిలు తిప్పుతుంటారు కాబట్టి వేడినీళ్ళు ఎలాగో వస్తాయి, ఫిర్యాదు రాదు. రాత్రి వాడకం ఆగాక కథ మారుతుంది. 28 మిల్లీమీటర్ల రాగి పైపు, మీటరుకు 9 వాట్ల నష్టం, చుట్టూ 28 డిగ్రీలు అనుకుంటే, నిలిచిపోయిన 60 డిగ్రీల నీళ్ళు సుమారు గంటన్నరలో 45కు దిగుతాయి. ఊపిరితిత్తుల జబ్బు తెచ్చే లెజియొనెల్లా బాక్టీరియా పెరిగేది 20 నుంచి 45 మధ్యే. తెల్లారేదాకా ఆ నీళ్ళు అందులోనే ఉంటాయి, పొద్దున్నే షవర్ తిప్పేది ఊపిరితిత్తులు బలహీనపడ్డ మనిషి.

ఇంకో ప్రమాదం ఉంది. ఈ బొమ్మలో రిటర్న్ మీది నాన్‌రిటర్న్ వాల్వు (నీళ్ళను ఒకే దిక్కున పోనిచ్చేది) ఒక్కటే 9.2 బార్‌ని ఆపుతోంది. దాని సీటులో చిన్న రాయి ఇరుక్కుంటే చాలు, హీటరు ఒత్తిడి రిటర్న్ పైపులోంచి ఎదురు నడిచి కింది జోన్ కుళాయిల మీద పడుతుంది.

"అయితే పెద్ద పంపు పెడతాం" అన్నవాళ్ళకు: కాగితం మీద సరిపోతుంది. కానీ పీఆర్‌వీని ఎంచేది గరిష్ఠ వాడకానికి. లూపు ప్రవాహం అందులో పిసరంత. అంత తక్కువ ప్రవాహానికి వాల్వు తెరుచుకుంటూ మూసుకుంటూ టకటకలాడి సీటు అరగదీసుకుంటుంది. అరిగిన సీటు కారుతుంది, వాడకం లేని వేళ కింది జోన్ ఒత్తిడి మెల్లగా పైకి పాకుతుంది. "పీఆర్‌వీకి బైపాస్ ఇస్తాం" అన్నవాళ్ళు మాత్రం ఆరో పాఠం మళ్ళీ చదవండి. బైపాస్ తెరిచి ఉంటే ఆ పీఆర్‌వీ ఉన్నా లేనట్టే.

సరైన పద్ధతి: జోన్‌కొక హీటరు. ఆ హీటరుకు వెళ్ళే చన్నీళ్ళు అదే జోన్ మెయిన్ నుంచి, పీఆర్‌వీ దాటాక తీసుకోవాలి. అప్పుడు లూపు మొత్తం ఒకే జోన్ ఒత్తిడిలో ఉంటుంది, పీఆర్‌వీ లూపు బయట ఉంటుంది. ఒకే కుళాయికి వచ్చే వేడి, చన్నీళ్ళ ఒత్తిళ్ళు కూడా దగ్గరదగ్గరగా ఉంటాయి. మిక్సింగ్ వాల్వుకు కావలసింది అదే. పై జోన్ హీటరును అడుగున కాకుండా పైకప్పు మీదే పెట్టమంటాను. అడుగునైతే ట్యాంకు 9.2 బార్‌ను రోజంతా మోయాలి, పైన 2 బార్‌తో పోతుంది. చోటు లేక ఒకటే హీటరు తప్పదంటే లూపును పూర్తి ఒత్తిడిలోనే తిప్పి, ప్రతి ఫ్లాటు కొమ్మ మీదా వేడికొకటి, చన్నీళ్ళకొకటి పీఆర్‌వీ పెట్టాలి. వాటిని సర్వీసు చేసేవాళ్ళ తిట్లు తినడానికి సిద్ధపడాలి.

హీటరు ముందు పీఆర్‌వీ, నాన్‌రిటర్న్ వాల్వు వచ్చాయంటే వ్యాకోచించిన నీళ్ళు వెనక్కి పోలేవు. 1000 లీటర్లను 10 నుంచి 60 డిగ్రీలకు వేడిచేస్తే దాదాపు 17 లీటర్లు పెరుగుతాయి. ఆ పెరిగిన నీళ్ళను పట్టే ఎక్స్‌పాన్షన్ వెసెల్ లేకపోతే సేఫ్టీ వాల్వు రోజూ కారుతుంది. కారుతోందని ఎవరో దానికి ప్లగ్గు కొడతారు. ఆ తర్వాత సంగతి చెప్పక్కర్లేదు.

ఇక లూపు ప్రవాహం. కింది జోన్‌లో సప్లై, రిటర్న్ కలిపి 420 మీటర్లు, మీటరుకు 9 వాట్లు: 3.78 కిలోవాట్ల నష్టం. 60తో బయల్దేరి 55తో తిరిగి రావాలి, తేడా 5 డిగ్రీలు. 3.78ని (4.19 × 5)తో భాగిస్తే సెకనుకు 0.18 లీటర్లు, నిమిషానికి 10.8. పంపు హెడ్‌లో భవనం ఎత్తు కలపకండి. ఎక్కే నీటి స్తంభాన్ని దిగేది తూచేస్తుంది, మిగిలేది పైపు రాపిడి ఒక్కటే.

నాలుగు రైజర్లుంటే తలా 2.7 లీటర్లు వెళ్ళాలి, కానీ వాటంతటవి వెళ్ళవు. పంపుకు దగ్గరిది మొత్తం మింగేస్తుంది. ప్రతి రైజర్ రిటర్న్ మొదట్లో థర్మల్ బ్యాలెన్సింగ్ వాల్వు (నీళ్ళ వేడిని బట్టి ప్రవాహాన్ని సర్దేది) పెట్టండి, పక్కనే ఉష్ణోగ్రత సెన్సారు కూడా. హీటరు దగ్గర ఒక్క సెన్సారుతో సరిపెట్టేవాళ్ళుంటారు. మూడు రైజర్లు 57, ఒకటి 46 అయినా అక్కడ 54 కనిపిస్తుంది, అంతా బాగుందనిపిస్తుంది. పంపును జనరేటర్ లైన్ మీద వేయడం మరవద్దు.

కాలే ప్రమాదం సంగతి. 60 డిగ్రీల నీళ్ళకు మామూలు వయోజనుల చర్మం లోతుగా కాలడానికి 5 సెకన్లు చాలు. ముసలితనంలో చర్మం పలచబడుతుంది, స్పర్శ తగ్గుతుంది, చటుక్కున తప్పుకోవడం కుదరదు. అలాగని హీటరు దగ్గరే 45కు కలిపి లూపు తిప్పేయకండి. భవనమంతా బాక్టీరియాకు పొదిగే పెట్టె అవుతుంది. లూపు వేడిగానే ఉండాలి. చల్లార్చడం కుళాయి పక్కన, షవర్‌కూ వాష్‌బేసిన్‌కూ 41కి సెట్ చేసిన థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వుతో. దాని రెండు ఇన్‌లెట్లకూ ఐసొలేషన్ వాల్వు (నీళ్ళు కట్టేసేది), స్ట్రైనర్ (చెత్త పట్టే జల్లెడ), నాన్‌రిటర్న్ వాల్వు ఉండాలి. వచ్చే వేడినీళ్ళు సెట్టింగు కన్నా కనీసం 10 డిగ్రీలు ఎక్కువుండకపోతే చన్నీళ్ళు ఆగినప్పుడు ఆ వాల్వు పూర్తిగా మూసుకోదు. కరెంటు ఆదా అంటూ హీటరును 48కి తగ్గిస్తే రక్షణ రెండువైపులా పోయినట్టే.

పరీక్ష ఇలా: షవర్ తిప్పి, ధార కింద థర్మామీటరు పెట్టి, అంకె నిలిచేదాకా ఆగండి. చన్నీళ్ళ ఐసొలేషన్ వాల్వు మూసేయండి. 5 సెకన్లలో ధార చుక్కలకు రావాలి. వేడినీళ్ళు వస్తూనే ఉంటే ఆ షవర్ వాడకం అక్కడికక్కడే ఆపించి, స్ట్రైనర్లు కడిగి మళ్ళీ చూడాలి. అప్పటికీ ఆగకపోతే లోపలి కార్ట్రిడ్జ్ మార్చాలి. ఆగితే వాల్వు మళ్ళీ తెరిచి, ఉష్ణోగ్రత మొదటి అంకెకు 2 డిగ్రీల లోపలికి వచ్చిందో లేదో రాసుకోండి.

అభ్యాసం: పై జోన్ హీటరు పైకప్పు మీద, లూపు 510 మీటర్లు, అయిదు రైజర్లు. మొదటి నాలుగు తలా 90 మీటర్లు, అయిదోది 150. మొత్తం ప్రవాహం, ఒక్కో రైజర్ వాటా, ట్యాంకు 1500 లీటర్లయితే పెరిగే నీళ్ళు లెక్కకట్టండి. కరెంటు పోయి లూపు ఆరు గంటలు ఆగితే, తిరిగి వచ్చాక ఏ కుళాయిలు ముందు తిప్పాలో, ఎంతసేపు వదలాలో, ఆ పని జరిగేటప్పుడు ఆ గదిలో ఎవరు ఉండకూడదో కూడా వరుసగా రాయండి. బొమ్మ మళ్ళీ గీయండి, ఈసారి ప్రతి పీఆర్‌వీకి రెండువైపులా ఒత్తిడి అంకె వేసి.