పెంటోబార్బిటాల్ నిద్ర ఎందుకు తగ్గింది: చిట్టెలుకల్లో టాలరెన్స్ తేల్చే పద్ధతి

ఫినోబార్బిటాల్, పెంటోబార్బిటాల్ రెండూ బార్బిట్యురేట్ తరగతికి చెందిన మత్తు మందులు. వరుసగా ఫినోబార్బిటాల్ ఇచ్చిన చిట్టెలుక, పెంటోబార్బిటాల్ మత్తులోంచి త్వరగా లేస్తుంది. ఇలా మందు ప్రభావం తగ్గిపోవడమే టాలరెన్స్. మెదడు మందుకు అలవాటు పడిందా, లేక లివర్ మందును వేగంగా విరగ్గొడుతోందా? నిద్రకాలం ఒక్కటే దీన్ని తేల్చలేదు. అందుకే ప్రయోగాన్ని మొదటినుంచీ ఈ ప్రశ్నకు తగ్గట్టే అమర్చుకోవాలి.

ముందుగా సంస్థలోని జంతు ఎథిక్స్ కమిటీ అనుమతి తీసుకోండి. ఈ రెండు మందులూ ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల నియంత్రణ చట్టం) కింద సైకోట్రోపిక్ (మనసుపై పనిచేసే) పదార్థాలు. కాబట్టి తాళం వేసిన అల్మారా, స్టాక్ రిజిస్టర్ తప్పనిసరి.

20–25 గ్రాముల బరువున్న, ఒకే స్ట్రెయిన్‌కు (వంశానికి), ఒకే లింగానికి చెందిన చిట్టెలుకలను తీసుకొని వారం రోజులు కొత్త చోటికి అలవాటు పడనివ్వండి. బోనులో పరిచే పొట్టును చాలామంది పట్టించుకోరు, కానీ ప్రయోగాన్ని నిశ్శబ్దంగా పాడుచేసేది అదే. దేవదారు జాతి చెక్కపొట్టు లివర్ ఎంజైములను పెంచి బార్బిట్యురేట్ నిద్రను తగ్గిస్తుందని 1967లో పరిశోధకుడు వెసెల్ చూపించాడు. అలాంటి పొట్టు వాడితే కంట్రోల్ గ్రూపు (ఫినోబార్బిటాల్ ఇవ్వకుండా పోలిక కోసం ఉంచే జంతువులు) కూడా త్వరగా లేస్తుంది, తేడా మాయమవుతుంది. మొక్కజొన్న కండెల పొడి వాడండి.

గ్రూపుకు 8–10 జంతువులు చాలు. ఒక గ్రూపుకు సెలైన్, రెండోదానికి ఫినోబార్బిటాల్ 80 మి.గ్రా./కిలో, మూడు రోజులు రోజుకొకసారి కడుపులోకి ఇంజెక్షన్. పరిమాణం కిలోకు 10 మి.లీ., అంటే 25 గ్రాముల జంతువుకు 0.25 మి.లీ. చివరి డోసు తర్వాత కనీసం 24 గంటలు ఆగండి. తొందరపడితే మిగిలిపోయిన ఫినోబార్బిటాలే మత్తును పెంచి టాలరెన్స్‌ను కప్పేస్తుంది.

పరీక్ష రోజు అన్ని జంతువులకూ పెంటోబార్బిటాల్ 40 మి.గ్రా./కిలో ఇవ్వండి (ద్రావణం 4 మి.గ్రా./మి.లీ.). స్ట్రెయిన్‌ను బట్టి డోసు మారుతుంది కనుక ముందే కొన్ని జంతువుల్లో సరిచూసుకోండి. దీని సోడియం ఉప్పు క్షార ద్రావణంలోనే నిలుస్తుంది. తెల్లగా మబ్బుపడితే పారేసి కొత్తది చేయండి. తల కాస్త కిందికి వంచి, పొట్ట కింది భాగంలో కుడివైపున సూది గుచ్చండి, ఎడమవైపు సీకమ్ (పెద్దపేగు మొదట్లో ఉండే సంచి) ఉంటుంది. మందు పేగులోకో కొవ్వులోకో పోతే జంతువు నిద్రపోదు. దాన్ని టాలరెన్స్ అని రాసుకోవడం సర్వసాధారణంగా జరిగే తప్పు.

వెల్లకిలా పడుకోబెడితే తిరిగి బోర్లా పడలేని క్షణం నుంచి, నిమిషంలో రెండుసార్లు తనంతట తానే తిరగగలిగే వరకు నిద్రకాలం. ఏ జంతువు ఏ గ్రూపుదో కొలిచేవారికి తెలియకూడదు. మత్తులో ఒళ్లు చల్లబడితే మందు నెమ్మదిగా విరిగి నిద్ర సాగుతుంది, కాబట్టి వెచ్చని ప్లేటు మీద ఉంచండి. రెండు గ్రూపులనూ రోజులో ఒకే వేళకు పరీక్షించండి.

ఇక అసలు తీర్పు. లేచిన క్షణంలోనే, అనుమతించిన పద్ధతిలో కొన్ని జంతువుల మెదడు సేకరించి హెచ్‌పీఎల్‌సీతో (నమూనాలోని పదార్థాలను విడదీసి కొలిచే పద్ధతి) పెంటోబార్బిటాల్ గాఢత చూడండి. రెండు గ్రూపుల్లోనూ దాదాపు ఒకే గాఢత ఉంటే పని చేసింది లివరే. ఫినోబార్బిటాల్ గ్రూపు ఎక్కువ గాఢతతోనే లేచి తిరిగితే, మెదడులోనే సున్నితత్వం తగ్గింది.

వారాల తరబడి డోసులిచ్చే ప్రయోగాల్లో గది కూడా లెక్కలోకి వస్తుంది. ఆల్కహాల్ వల్ల ఒళ్లు చల్లబడడానికి ఎలుకల్లో వచ్చిన టాలరెన్స్, మందు అందుకునే గదిలోనే కనిపించి వేరే గదిలో తగ్గిందని 1979లో లే, పౌలోస్, కాపెల్ అనే పరిశోధకులు నివేదించారు. అందువల్ల డోసులిచ్చిన గదిలోనే, అదే వ్యక్తి చేతులతో పరీక్ష చేయండి. గది ప్రభావాన్నే తెలుసుకోవాలంటే, సగం జంతువులను కొత్త గదిలో పరీక్షించేలా ముందే విడదీయండి.