హెడ్‌సెట్‌లో ఆపద కూత వినిపిస్తే: చిన్న విమానం నుంచి దాని జాడ కనిపెట్టడం ఎలా?

సాగర్ దగ్గరి ఎయిర్‌స్ట్రిప్ నుంచి లేచి ఉత్తరంగా హాలియా వైపు వెళ్తున్నాం. ఎడమ సీట్లో స్టూడెంట్. ఉన్నట్టుండి హెడ్‌సెట్‌లో కూత వినిపించింది. జాతరలో కొన్న బొమ్మ తుపాకీ చప్పుడులా, పైనుంచి కిందికి జారే కూత, సెకనుకు రెండు మూడు సార్లు. మావాడు వెంటనే వాల్యూమ్ తగ్గించేశాడు. "రేడియో ఏదో గోల చేస్తోంది సార్" అన్నాడు.

చాలామంది చేసేది ఇదే. ఆ గోల చేసేది ఈఎల్‌టీ, అంటే ఎమర్జెన్సీ లొకేటర్ ట్రాన్స్‌మిటర్. విమానం గట్టిగా నేలకు తగిలితే తనంతట తానే మోగే పెట్టె అది. కొత్త పెట్టెలు 406 మెగాహెర్ట్జ్ మీద దాదాపు 50 సెకన్లకోసారి ఉపగ్రహానికి కబురు పంపుతాయి, పక్కనే 121.5 మెగాహెర్ట్జ్ ఆపద ఫ్రీక్వెన్సీ మీద ఈ కూత కూస్తుంటాయి. పాతవాటికి కూత ఒక్కటే దిక్కు. 2009 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలు 121.5 వినడం మానేశాయి కాబట్టి ఆ కూతను పట్టించుకునేది ఇక ఆ దారిన పోయే మనమే. కొత్త పెట్టె ఉన్నా కూలినప్పుడు యాంటెన్నా తీగ తెగితే ఉపగ్రహం దాకా ఏమీ చేరకపోవచ్చు. దగ్గరలో ఎగిరేవాడికి మాత్రం సన్నగా వినిపించొచ్చు.

కావాల్సినవి పెద్దగా ఏం లేవు. రెండో రేడియో ఎప్పుడూ 121.5 మీద ఉండాలి. తొడకు కట్టుకునే ప్యాడ్, పెన్సిల్, చార్ట్ ఉండాలి. పెన్ను వద్దు, అవసరమైనప్పుడే రాయదు. జీపీఎస్ ఉంటే మంచిది, కానీ కాగితం చార్ట్ లేకుండా ఈ పని మొదలుపెట్టకండి. ఆయిల్, ఇంధనం సంగతి మీకు తెలిసిందే. ఇంటికి చేరేందుకు కావాల్సిన దానిపైన గంటకు సరిపడా లేకపోతే వెతకొద్దు, రిపోర్ట్ చేసి వచ్చేయండి. పుస్తకంలో తక్కువే రాసి ఉంటుంది. నా లెక్క గంట.

కూత వినగానే మీ విమానంలోని ఈఎల్‌టీ లైటు చూడండి. ఇది నేను నేర్చుకున్నది సిగ్గుపడి. పైన చెప్పిన రోజు నేను ఆవేశంగా హైదరాబాద్ కంట్రోల్‌కి రిపోర్ట్ చేసేశాను. ఎటు తిరిగినా కూత అంతే గట్టిగా ఉంది, పెరగదు, తగ్గదు. రెండు నిమిషాల తర్వాత ప్యానెల్ మీద లైటు ఆరుతూ వెలుగుతూ కనిపించింది. అంతకుముందు మావాడు చేసిన ల్యాండింగ్‌కి విమానం రెండుసార్లు ఎగిరి పడింది కదా, ఆ దెబ్బకు మా పెట్టే మోగింది. నాలుక కరుచుకుని మళ్లీ కంట్రోల్‌కి చెప్పుకోవాల్సి వచ్చింది. వినపడే కూతల్లో ఎక్కువ భాగం ఇలాంటివే, గట్టి ల్యాండింగ్‌లు, హ్యాంగర్‌లో చెయ్యి తగిలినవి. అలాగని ఏ కూతనూ ఉత్తదే అనుకుని వదిలేయకూడదు.

మీది కాదని తేలాక నాలుగు సంగతులు రాసుకోండి: మొదట విన్న టైము, అప్పుడు మీరున్న చోటు, ఎత్తు, హెడింగ్ (విమానం ముక్కు చూపే దిక్కు). టైము యూటీసీలోనే (ప్రపంచమంతా వాడే ఉమ్మడి టైము) రాయండి. ఒకరు మన టైములో, ఇంకొకరు యూటీసీలో రాస్తే అయిదున్నర గంటల తేడాతో కింద వాళ్లకు తల తిరిగిపోతుంది. తర్వాత కంట్రోల్‌కి చెప్పండి. అక్కడి నుంచి చెన్నైలోని రెస్క్యూ సెంటర్‌కి, ఉపగ్రహ కబుర్లు అందుకునే బెంగళూరు ఇస్రో కేంద్రానికి కబురు వెళ్లడం వాళ్ల పని. "121.5 మీద ఈఎల్‌టీ వింటున్నాను, ఫలానా చోట, ఫలానా ఎత్తులో" అంటే చాలు. వెతకమంటారా అని అడగండి.

అసలు కష్టం ఇక్కడ మొదలవుతుంది. దయచేసి నెమ్మదిగా చదవండి.

కూత గట్టిగా ఉంటే దగ్గర, సన్నగా ఉంటే దూరం అని మన చెవి అనుకుంటుంది. అందరూ చెవి చెప్పినట్టు ముక్కు తిప్పుకుంటూ పోతారు. పావుగంట తర్వాత తామెక్కడున్నారో వాళ్లకే తెలియదు. ఈ పెట్టె బలం వాట్‌లో పదో వంతు కూడా ఉండకపోవచ్చు, అయినా నల్గొండ మీద నేల నుంచి 3,000 అడుగుల ఎత్తులో ఉన్నవాడికి లెక్క ప్రకారం 120 కిలోమీటర్ల దాకా, అంటే శ్రీశైలమంత దూరం దాకా, అడ్డేమీ లేకపోతే సిగ్నల్ అందొచ్చు. కాబట్టి నల్గొండ మీద విన్నంత మాత్రాన అది నల్గొండలో ఉందని కాదు. పైగా మన నేల సాఫుగా ఉండదు. దేవరకొండ గుట్టలు, రాతి బండలు సిగ్నల్‌ని అడ్డుకుంటాయి, పక్కకు కొడతాయి. ఒక గుట్ట దాటగానే కూత గట్టిపడితే పెట్టె అక్కడుందని కాదు, అడ్డు తొలగిందని.

అందుకే నేను గట్టితనం వినను. మొదలైన చోటు, ఆగిన చోటు మాత్రమే నమ్ముతాను.

వాల్యూమ్ ఒకచోట పెట్టి వదిలేయండి. గరగరను నొక్కిపెట్టే స్క్వెల్చ్ పూర్తిగా తీసేయండి, గరగర వచ్చినా సరే. ఇక పని అయ్యేదాకా ఆ రెండు నాబ్‌ల మీద చెయ్యి వేయొద్దు. ఎత్తు మార్చొద్దు. ఎత్తు 500 అడుగులు పెరిగినా కూత వినిపించే పరిధి మారిపోయి చార్ట్ మీద మీరు గీసే గీతలన్నీ దండగవుతాయి. చెయ్యి ఊరుకోకపోతే తొడ కింద పెట్టుకోమని స్టూడెంట్లకు చెప్తాను, నవ్వుతారు, కానీ పెట్టుకుంటారు.

ఇప్పుడు తిన్నగా ఎగరండి. ఉదాహరణకు సాగర్ నుంచి ఉత్తరంగా వెళ్తుంటే పెద్దవూర దగ్గర కూత మొదలై నల్గొండ దగ్గర ఆగిందనుకుందాం. ఆ రెండు చోట్లూ చార్ట్ మీద గుర్తుపెట్టి మధ్య బిందువు చూస్తే హాలియా దాటాక వస్తుంది. వెనక్కి అక్కడికి వచ్చి 90 డిగ్రీలు తిరిగి పడమరగా పట్టండి. కూత ఆగిపోతే తప్పు వైపు వచ్చారు, తూర్పుకి తిరగండి. పడమరన మల్లేపల్లి దాటి దేవరకొండ వైపు పోయాక ఆగిందనుకోండి, అది రాసుకుని వెనక్కి తిరగండి. తూర్పున హాలియా దాటగానే మళ్లీ ఆగింది. ఈ రెండింటికీ మధ్య, అంటే గుర్రంపోడు ప్రాంతంలో, మీరు వెతికే పెట్టె ఉండాలి. మూడు నాలుగు గీతలతో అయిపోయింది.

ఇక్కడ తొందరపడేవాళ్లు చేసే తప్పు ఒకటే. కూత ఒక్క క్షణం ఆగగానే "ఆగింది" అని రాసేస్తారు. ఆగాక కనీసం ఒక నిమిషం అదే హెడింగ్‌లో ముందుకు వెళ్లండి. మధ్యలో గుట్ట అడ్డం వచ్చి పోయి ఉండొచ్చు. నిమిషం దాకా మళ్లీ వినిపించకపోతే, వెనక్కి లెక్కేసి మొదట ఆగిన చోటునే గుర్తుపెట్టండి. 90 నాట్ల వేగంలో నిమిషానికి ఒకటిన్నర నాటికల్ మైళ్లు, ఆ లెక్క కష్టమేం కాదు.

ఇంకో పద్ధతి ఉంది, రెక్క నీడ. విమానాన్ని ఒరగబెట్టి గుండ్రంగా తిప్పితే ఒకచోట రెక్క యాంటెన్నాకూ పెట్టెకూ మధ్య అడ్డొచ్చి కూత తగ్గుతుంది. సెస్నాలో యాంటెన్నా రెక్కపైన ఉంటుంది కాబట్టి ఎడమకు తిప్పుతుంటే పైకి లేచిన కుడి రెక్క వైపు పెట్టె ఉన్నట్టు. అప్పటి హెడింగ్‌కి 90 కలపాలి. యాంటెన్నా పొట్ట కింద ఉన్న విమానంలో ఇది తలకిందులు, 90 తీసేయాలి. సాఫు నేల మీద, పక్కన ఇంకొకరు ఉంటే బాగా పనిచేస్తుంది. ఒంటరిగా, కింద అడవి, చెవిలో కూత, చేతిలో ఒరిగిన విమానం, ఈ మూడూ కలిస్తే నాకు భయం. నేను మాత్రం గీతలతోనే పని కానిస్తాను. సోలోలో ఉన్న స్టూడెంట్‌కి ఇది ససేమిరా చేయనివ్వను.

దగ్గరికి వచ్చాక కూత నిండిపోయి ఎటు తిరిగినా ఒకేలా ఉంటుంది. అప్పుడు రేడియోని పక్క ఫ్రీక్వెన్సీ 121.6కి మార్చండి. అక్కడ కూడా వినిపిస్తుంటే బాగా దగ్గరున్నారు.

ఇక కళ్లతో వెతకాలి. పొలాల మీద సులువే. పత్తి చేలో విరిగిన రెక్క దూరం నుంచే మెరుస్తుంది. అమ్రాబాద్ వైపు చెట్ల కింద మాత్రం కనిపిస్తుందని ఆశపడొద్దు. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి రాజశేఖరరెడ్డి ఎక్కిన హెలికాప్టర్ నల్లమలలో తప్పిపోతే, అంత యంత్రాంగం వెతికినా శకలాలు కనిపించింది మర్నాడే. కాబట్టి 1,000 అడుగుల కిందికి దిగకండి. మిర్యాలగూడ, దామరచర్ల వైపు ఫ్యాక్టరీ చిమ్నీలు, ఎక్కడ చూసినా హైటెన్షన్ తీగలు. తీగ కనపడదు, స్తంభాలు చూసుకోండి. కింద మరో విమానం పడితే వెతకడానికి ఇంకొకరు కావాలి.

మనుషులు కనిపిస్తే వాళ్లు నేల మీద పెట్టిన అక్షరం చూడండి. V అంటే సాయం కావాలి, X అంటే వైద్యం కావాలి. అర్థమైందని చెప్పడానికి పగలైతే రెక్కలు ఊపండి. ఆ చోటు కంట్రోల్‌కి చెప్పి, రావాల్సినవాళ్లు వచ్చేదాకా ఎడమవైపు తిరుగుతూ పైనే ఉండండి, ఇంధనం అనుమతిస్తే. ఎడమ ఎందుకంటే మీ కిటికీ అటే.

దిగాక ఇంజిన్ ఆపే ముందు 121.5 మళ్లీ వినండి. నిశ్శబ్దంగా ఉంటే ఆపేయండి. కూత వస్తుంటే, ఆ రోజు మావాడిలాగే మీరు కూడా దిగడంలో గట్టిగా తగిలించారన్నమాట. పెట్టెను రీసెట్ చేసి, వెంటనే కంట్రోల్‌కి ఫోన్ చేయండి.